మచ్చ మీద రెండు వేళ్లు

కొత్తగ నర్సు నౌకరిల చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొస్తరు. ఛాయ్ తాగుకుంట అందరు ఒక్కటే అడుగుతరు, "అమ్మా, ఇన్నేండ్ల సర్వీసుల నువ్వు మర్శిపోని కేసు ఏంది?" అని. పాము కరిచినోన్ని బతికించినదో, లారీ గుద్దినోని కాలు కాపాడినదో చెప్తనని వాళ్ల ఆశ. అసుంటియి మస్తున్నయి. మద్నూర్ దిక్కు రోడ్డుకెల్లి లారీ దెబ్బలు మాకు ఏనాడు తక్కువ కాలే. గని నాకు ముందుగాల యాదికొచ్చేది ఓ సన్నని మచ్చ. వేలెడు పొడుగు గూడ ఉండది. దాని మీద నేను చేసిన తప్పు, ఆ తప్పు ఎట్ల దిద్దుకున్ననో చెప్త వినుండ్రి. ఇందుల నేనేదో గొప్పదాన్నని మాత్రం అనుకోకుండ్రి.

ముప్పై నాలుగేండ్లు నేను డ్రెస్సింగ్ రూముల్నే పన్జేసిన. బాన్సువాడల మా దవాఖాన ఏందో, పెద్దసారు ఎవలో పేర్లు వద్దు. నా నోరు పెద్దదన్న సంగతి మాత్రం చుట్టు పది ఊర్లకు ఎర్కనే. "ఆ గదిలకు పోతె పుండు మానుతది గని మనసుకు పుండైతది" అని పెద్దసారు నవ్వేటోడు. నాతోని ఓ ఆయమ్మ పన్జేసేది, మద్నూర్ మనిషి. సంతోషమొస్తె తెలుగుల మాట్లాడేది, కోపమొస్తె మరాఠీల. నాతోని ఎక్కువ మరాఠీల్నే మాట్లాడేది.

నేను రిటైరయ్యే ముందటి ఏడు, దీపావళి పోయినంక ఓ పిలగాడొచ్చిండు. ఇరవై మూడేండ్లుంటయి. నస్రుల్లాబాద్ దిక్కు ఓ ఊరు, వరి చెరుకు పండించే పెద్ద కమతం. పిలగాడేమో బిచ్కుందల ఓ ఆఫీసుల కంప్యూటర్ ముందల కూసుండే కొలువు చేస్తుండు. వచ్చిన సంది బయట బెంచి మీద కూసున్నడు. ఆడోళ్ల లైన్ అయిపోయింది, మొగోళ్ల లైన్ అయిపోయింది, ఆయమ్మ బండలు తుడుసుడు గూడ అయిపోయింది. అప్పుడు మెల్లగ లోపలికొచ్చి తలుపు దగ్గరికేసిండు.

"ఏంది తమ్మీ, పెండ్లిచూపులా? అంగి తియ్యి" అన్న.

తియ్యలే. గుండీల మీద చెయ్యి పెట్టుకొని అట్లనే నిలబడ్డడు. జేబులకెల్లి ఓ కాయితం తీసి నాకిచ్చిండు. హైదరాబాద్‌ల ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ రాసింది. చదివినంక నా నోరు తగ్గింది.

మొగపిల్లలకు వయసొచ్చేటప్పుడు కొందరికి ఛాతి ఆడపిల్లలకు పెరిగినట్టు పెరుగుతది. చానమందికి దానంతట అదే తగ్గుతది, కొందరికి తగ్గది. అది రోగం కాదు, ఎవలు చేసుకున్న తప్పు కాదు. కొవ్వు, దాని కింద ఉండే గట్టి గడ్డ తీసేస్తరు. మచ్చ కనబడొద్దని చనుమొన చుట్టున్న నల్లటి తోలు అంచు పొంట కోస్తరు. ఆపరేషన్ గంటల అయిపోతది. దాని వెనకాల నెలల తరబడి ఉండే కత వేరే. బిగుతు బనీను వేసుకోవాలె, బరువు లేపొద్దు, కుట్టు మానినంక మచ్చను మెత్తగ చేసుకోవాలె.

"పదో తరగతి సంది ఎవలి ముందల అంగి తియ్యలే సిస్టరమ్మా" అన్నడు గోడ దిక్కు చూసుకుంట. "ఎండకాలం దోస్తులందరు కాలువల దుంకుతరు. అందరి అంగిలు పట్టుకొని గట్టు మీద కూసునేది నేనే."

కాయితం మడిచి టేబుల్ మీద పెట్టిన. అయిన నా తీరు నాది గద. "సరె, ఇయ్యాల నీ అంగి నేను పట్టుకుంట, తీసియ్యి" అన్న. నవ్విండు. తీసిచ్చిండు. కుట్లు ముత్యాలోలె ఉన్నయి. డాక్టరమ్మ చెయ్యి మంచిదని అప్పుడే అనుకున్న.

అటెన్క రెండు మూడు పార్లు వచ్చిండు. వచ్చినప్పుడల్లా ఓ ముచ్చట చెప్పెటోడు. అట్ల తెలిసింది అసలు సంగతి. వాళ్ల తాత పైల్వాన్. ఊర్ల తాలీం, అంటె కుస్తీ నేర్పే జాగ, ఆయనదే. మా దిక్కు జాతరంటె కుస్తీలుండాలె. ముందుగాల గెల్సినోనికి కొబ్బరికాయ ఇచ్చే కుస్తీ, ఆఖరికి వెండి కడెం ఇచ్చే కుస్తీ. ఆ ఊర్ల మొదటి కొబ్బరికాయ కుస్తీకి తాలీం ఇంటి మనిషే దిగాలె, అది వాళ్ల వాడుక. తాత దిగిండు, నాయిన దిగిండు. వీని వంతు వచ్చి ఆరేండ్లాయె. ఓ ఏడు జ్వరమన్నడు, ఓ ఏడు పరీక్షలన్నడు, ఓ ఏడు చెప్పకుంట హైదరాబాద్ పోయిండు. కుస్తీ లంగోటితోని పట్టాలె, పైన అంగి ఉండది. ఛాతి సంగతి తాతకెట్ల చెప్పాలె? తాత ఏమనుకున్నడంటె, వీనికి భయం, పిరికోడు అనుకున్నడు. అనుకొని మొదటి ఏడు సందే మాట్లాడుడు బంద్ జేసిండు. ఒక్క ఇంట్ల ఉండి, ఒక్క పొయ్యి మీది బువ్వ తిని, ఆరేండ్లు.

"ఈ ఏడు జాతరకు దిగుత సిస్టరమ్మా. దానికోసమే ఆపరేషన్ చేపిచ్చుకున్న" అన్నడు. ఉగాది దాటినంక జాతర. నాలుగున్నర నెలలున్నది. "దిగుతవు తియ్యి, నేనున్న గద" అన్న. ఆ మాట నా మెడకు నేను కట్టుకున్న గంట.

మూడో వారం ఓ పొద్దుగాల వాడు వచ్చిండు, ఎన్కాల తెల్ల ధోతి, తెల్ల మీసాలు, మెడ తలకాయ ఒక్క తీరుగున్న ముసలాయన. పిలగాని ఎడమ దిక్కు ఛాతి ఉబ్బి ఎర్రగయ్యింది. ముట్టుకుంటె నీళ్లసంచి లెక్క కదులుతున్నది.

"ఏం జేసినవురా?"

ముసలాయన ముందుకొచ్చిండు. "నేనే బిడ్డా. ఛాతిల గడ్డ తీసిండ్రని మా కోడలు చెప్పింది. చూస్తె గట్టిగున్నది. మా ఇద్దరికి మాటల్లేకున్న, నువ్వుల నూనె కాగవెట్టి మాలిష్ చేసిన. తాలీంల ఎసుంటి దెబ్బనన్న మూడు మాలిష్‌లల్ల దిగిపోతది."

ఇగ చూస్కోండ్రి. నలబై మంది పైల్వాన్లను తయారుజేసిన మనిషిని నేను నిలబెట్టి తిట్టిన. "కుట్టు పచ్చిగున్నప్పుడు పిసుకుతరా? మీ చేతులా, రోకళ్లా? మనుమడనుకున్నరా, పిండి ముద్దనుకున్నరా?" అన్న. బయట లైన్ మొత్తం ఇన్నది. ఆయన చేతులు కట్టుకొని నిలబడ్డడు. పెద్దసారొచ్చి సూదితోని నీళ్లు తీసిండు. చీము లేకుండె, నయం. మల్ల గట్టిగ కట్టు కట్టినం.

ఆ ఊపుల నేనో హుకుం జారీ జేసిన. "ఇగ ఆ మచ్చ మీద ఎవ్వలు చెయ్యి పెట్టొద్దు. నువ్వు పెట్టొద్దు, మీ తాత పెట్టొద్దు, దేవుడు దిగొచ్చిన పెట్టనియ్యొద్దు."

"కాయితంల ఏదో రాసుండె సిస్టరమ్మా, మచ్చ సంగతి..." అన్నడు పిలగాడు.

"కాయితం నేను చదివిన. నీ కన్న ఎక్కువ మచ్చలు చూసిన" అన్న.

చదివింది నిజమే. ముందటి దిక్కు చదివిన. ఎన్కకు తిప్పలే.

ఇక్కడ మీరు జర ఆగి వినాలె పిల్లలూ. మన పనిల తెలవకపోవుడు పెద్ద తప్పు గాదు, అడిగితె తెలుస్తది. తెలుసు అనుకునుడే మనల్ని ముంచుతది. ముప్పై మూడేండ్లు నేను "పుండు ముట్టకు" అని చెప్పి బతికిన. పుండు మానినంక మచ్చది వేరే లెక్క అని నాకెవలు చెప్పలే, నేను అడగలే.

పిలగాడు మంచోడు. నేను చెప్పింది చెప్పినట్టు విన్నడు. రెండు నెలలు ఛాతి మీద చెయ్యి పెట్టలే. స్నానం చేసేటప్పుడు సబ్బు గూడ పెట్టలేదట.

ఓ దినం, జాతరకు తొమ్మిది వారాలున్నయనంగ, వచ్చిండు. ఈపారి బెంచి మీద కూసోలే, లైన్ల నిలబడలే, సక్కగ లోపలికొచ్చి అంగి తీసిండు. మొఖంల నెత్తురు లేదు. మచ్చ ఎర్రగ తాడు లెక్క లేసింది. దాని కింద గోలీకాయంత గట్టిగ తగుల్తున్నది. "చెయ్యి లేపు" అన్న. లేపిండు. తోలు లోపలికి గుంజుకపోయి ఛాతి మీద గుంట పడ్డది.

"మల్ల వచ్చింది సిస్టరమ్మా" అన్నడు. "తీసినా మల్ల వచ్చింది. ఇంతకు ముందే నయం, జర మెత్తగన్న ఉండె. నేను దిగుతనని అమ్మ చెప్తె తాత జాతరోళ్లకు నా పేరు చెప్పిండు. నేను పొయ్యి చెప్పకముందే ఆయనే చెప్పిండు, మా పిలగాడు దిగుతడని. ఇగ నేను దిగ. ఊర్ల గూడ ఉండ."

ఏడ్సిండు. నిజం చెప్తున్న, నాకు భయమైంది. నేను గూడ గడ్డ మల్ల వచ్చిందనే అనుకున్న.

పెద్దసారు చూసి, "నేను చెప్పుడు కాదు, కోసినామెనే అడుగుదాం" అన్నడు. ఫోటోలు తీసి హైదరాబాద్ డాక్టరమ్మకు పంపినం. పావు గంటల ఆమెనే ఫోన్ చేసింది. మాట వింటె నా బిడ్డ కన్న చిన్నగున్నది.

"గడ్డ కాదండి, మచ్చ లోపల అతుక్కుపోయింది. మానేటప్పుడు అది మామూలే, మెత్తబడుతది. మసాజ్ రోజుకు ఎన్నిసార్లు చేస్తున్నడు?"

నేను ఫోన్ చెవికి పెట్టుకొని పిలగాని దిక్కు చూసిన.

"హలో? నాలుగో వారం సంది మొదలుపెట్టమని రాసిన గదా?"

ఆయమ్మ టేబుల్ మీద పిలగాడు పెట్టిన డాక్టరమ్మ కాయితం తీసి ఎన్కకు తిప్పి నా ముందల పెట్టింది. ఎన్క దిక్కు బొమ్మ గీసున్నది, రెండు వేళ్లు, గుండ్రంగ బాణం గుర్తు. ఆయమ్మ ఓ మాటన్నది, మరాఠీల. ఏందని నేను అడగలే.

పిలగాడు నన్నే చూస్తుండు. వెంట వచ్చిన తాత బయట బెంచి మీదనే ఉన్నడు, తిట్లు పడ్డ దినం సంది లోపలికి రాలే. నేనే పోయి ఆయన్ను లోపలికి తీసుకొచ్చిన. తీసుకొచ్చి ఇద్దరి ముందల చెప్పిన, "తప్పు నాది. చెయ్యి పెట్టకు అన్న, పెట్టాల్సింది. మీరు తొందరపడి చేసిండ్రు, నేను చెయ్యనే చెయ్యనియ్యలే. కాయితంల ఉన్నది, నేను చూడలే."

ముసలాయన మీసం దువ్వుకున్నడు. మెల్లగ అడిగిండు, "అయితె మాలిష్ ఉన్నట్టేనా బిడ్డా?"

"ఉన్నట్టే."

"మరి ఆనాడు నలుగురిల ఎందుకు తిట్టినవు?"

"ఇయ్యాల మీరు తిట్టుండ్రి, బాకీ తీరుతది" అన్న. ఆయన నవ్విండు. ఆ నవ్వుకు గదిల కిటికి అద్దాలు కదిలినయి. పిలగాడు గూడ ముక్కు తుడ్సుకుంట నవ్విండు.

ఇగ అసలు చిక్కు. మచ్చ మీద పిలగాడు తన చెయ్యి తను పెట్టుకోలేకపోయిండు. ఎనిమిదేండ్లు ఆ జాగను చూడకుంట బతికినోడు, వేలు పెట్టంగనే కండ్లు మూసుకొని చెయ్యి తీసేస్తుండు. రోజుకు రెండుపార్లు నా తాన్కి వచ్చుడు కాదు. ఇగ మిగిలింది ఇంట్ల ఉండే రోకళ్లే.

తాతకు ట్రైనింగు మొదలుపెట్టిన. ఆయమ్మ ఇంటికని కొనుక్కున్న టమాటలుండె. ఓ పండు టమాట ఆయన చేతిల పెట్టి, "రెండు వేళ్లు. తోలు మీద రుద్దుడు కాదు, తోలును పట్టుకొని లోపల కదిలియ్యాలె. గోరు జర తెల్లగయ్యేదాంక ఒత్తు, అంతే" అన్న. మొదటి టమాట నా తెల్ల కోటు మీద పగిలింది. రెండోది గోడ మీద. మూడోది ఆయమ్మ గుంజుకోబోయింది, కూరకుండాలె గద. ఆరో టమాటకు ఆయన వేళ్లు దారికొచ్చినయి. పైల్వాన్‌కు చెమటలు పట్టినయి. "కుస్తీ ఇంత కష్టం లేకుండె" అన్నడు.

పొద్దుగాల పది నిమిషాలు, మాపటికి పది నిమిషాలు. వాజెలిన్ రాసి గుండ్రంగ, అటెన్క పైకి కిందికి, అటెన్క పక్కలకు. మిగతప్పుడు మచ్చ మీద సిలికాన్ పట్టీ. డాక్టరమ్మ చెప్పిన మాట ఒక్కటి గూడ జారనియ్యలే నేను. వారానికోపారి వచ్చి చూపిచ్చెటోళ్లు.

ఒక దినం పిలగాడు నవ్వుకుంట చెప్పిండు. మొదటి వారం ఇద్దరు మాట్లాడుకోలేదట. తాత నిమిషాలు లెక్కబెట్టుడు, వీడు దూలాలు లెక్కబెట్టుడు. ఎనిమిదో దినం తాత వేళ్లు ఆపకుంటనే అడిగిండట, "ఇది ఎప్పటిసంది ఉండెరా?" అని. వీడు చెప్పిండట. బడి సంగతి, కాలువ సంగతి, గట్టు మీద అంగిల సంగతి, జ్వరాల సంగతి. అంత విన్నంక తాత ఏమన్నడంటె, "నేను పిరికోడనుకున్నరా. ఆరేండ్లు మనుమనితోని మాట్లాడని నేనే పిరికోన్ని" అన్నడట. ఆ దినం పది నిమిషాల మాలిష్ అర్ధగంట నడ్సిందట. నేను విని, "పది కన్న ఎక్కువ చెయ్యొద్దని చెప్పిన గద" అని కసిరిన. కసిరి ఎన్కకు తిరిగి కండ్లు తుడ్సుకున్న.

ఐదో వారానికి తాడు లెక్కున్న మచ్చ అణిగింది. ఏడో వారానికి గోలీకాయ శెనగ్గింజంత అయ్యింది. చెయ్యి లేపితె గుంట పడుడు తగ్గింది. మచ్చ పోలే, మచ్చలు పోవు. రంగు తగ్గి, మెత్తబడి, మనిషి ఒంట్ల కలిసిపోతయి, అంతే. డాక్టరమ్మ వీడియోల చూసి, "దిగొచ్చు. ఎండకు మచ్చ నల్లబడుతది, క్రీము రాయుండ్రి" అన్నది. మట్టి పూసుకునేటోనికి క్రీమేందని తాత గొణిగిండు. రాసిండు మాత్రం.

జాతరకు నేను, ఆయమ్మ సెలవు పెట్టి పోయినం. మెత్తటి ఎర్రమట్టి తవ్వి పోసిండ్రు, చుట్టు జనం, డప్పులు. పిలగాడు లంగోటి మీద అంగి వేసుకొని నిలబడ్డడు. మైకుల తాలీం ఇంటి పేరు చదివిండ్రు. మొదటి గుండీ తీసిండు, రెండోది తీసిండు. మూడో గుండీ కాడ చెయ్యి ఆగింది. జనంలకెల్లి నన్ను ఏరుకొని చూసిండు. నేను లేసి పోయి చెయ్యి చాపిన, మొదటి దినం చాపినట్టే. అంగి తీసి నా చేతిల పెట్టిండు.

తాత పిడికెడు మట్టి తీసి మనుమని ఛాతికి పూసిండు. అలవాటు గద, రెండు వేళ్లతోనే పూసిండు, గుండ్రంగ. ఆయమ్మ నన్ను మోచేతితోని పొడిచింది.

గెల్సిండా అంటరు మీరు. లేదు. ఎదుటోడు మద్నూర్ అవతలికెల్లి వచ్చినోడు, ఏనుగు పిల్లంత ఉన్నడు. రెండు నిమిషాలు మావోడు బాగనే పట్టు పట్టిండు, మూడో నిమిషంల ఎల్లెలుకల పడ్డడు. పడ్డోడు అట్లనే ఆకాశం దిక్కు చూసుకుంట నవ్వుతుండు. గెల్సినోడు చెయ్యిచ్చి లేపి, కొబ్బరికాయ కొట్టి సగం చిప్ప వీని చేతిల పెట్టిండు. తాత ఎగిరిన ఎగురుడు చూస్తె కడెం గెల్సిండ్రనుకుంటరు.

పొద్దు వాలుతున్నది. ఆఖరి బస్సు అందుకుందామని లేసినం. అప్పుడు చూసింది ఆయమ్మ. "అక్కా, ఆ అంగి ఎవలది?"

చూస్తె మడతబెట్టిన అంగి నా సంకల్నే ఉన్నది. కుస్తీ అయ్యి రెండు గంటలయ్యింది. పిలగాడేడని చూసినం. దూరంగ చెరుకురసం బండి కాడ దోస్తులతోని నిలబడ్డడు. ఛాతి నిండ ఎర్రమట్టి, చేతిల గిలాస, ఏదో చెప్పుకుంట చేతులు రెండు పైకి లేపుతుండు. పక్కకెల్లి ఆడోళ్లు పోతుండ్రు, పిల్లలు ఉరుకుతుండ్రు, వాని ధ్యాస వానికి లేదు.

"పిలువాల్నా?" అన్నది ఆయమ్మ, తెలుగుల.

"వద్దు" అన్న. "యాదికొచ్చినప్పుడు వాడే వస్తడు."

బస్సు వచ్చేదాంక గట్టు మీద కూసున్నం. వానికి యాదికి రాలే. అంగి పట్టుకొని నేను బాన్సువాడకొచ్చిన.